బోర్లా వేసిన బండలు

లారీ వెనక్కి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోగానే మాంసం కొట్ల పేగులు, ఆసుపత్రి దూది, కుళ్లిన కూరగాయలు సమాధుల మీదికి జారిపడ్డాయి. ఆ ఉదయానికి అది మూడో లారీ. పొక్లెయిన్ పళ్లకు తగిలి ఒక దవడ ఎముక బయటపడితే, కాంట్రాక్టరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దాన్ని బూటు కొనతో గుంటలోకి తోశాడు. తోసి, బూటును గడ్డికి తుడుచుకున్నాడు.

అది బండల అక్క చూసింది. క్వారీలో లారీలకు రాయి ఎత్తే ముఠాకు ఆమె మేస్త్రి. ఆ దవడ ఆమె తండ్రిది కావచ్చు, కాకపోవచ్చు. క్వారీలో కొండచరియ విరిగిపడి ఒక్క పూటలో నలభై ఒక్కమంది చచ్చిననాడు ఆమెకు నాలుగేళ్లు. కంపెనీ ఆ చావులను ఏ కాగితం మీదికీ ఎక్కనివ్వలేదు. 'పని మాని వెళ్లిపోయారు' అని రాసుకుంది. వాళ్లు చచ్చారనడానికి ఈ నేల తప్ప సాక్ష్యం లేదు. ఈ నేల మీద ఇప్పుడు గోడౌను లేస్తుందట.

"మా పటంలో ఇది ఖాళీ స్థలం," అన్నాడు సర్వే అధికారి. "సమాధులుంటే రాళ్లుండాలి కదమ్మా. రేపటిలోగా ఒక్క రాయి చూపించు, పని ఆపేయిస్తా."

ఒక్క రాయీ లేదు. ఉన్నవల్లా దిబ్బలు, ముళ్లకంప, చెత్త.

సాయంత్రం యూనియన్ గది కిక్కిరిసింది.

"దయ్యాలున్నాయని నలభయ్యేళ్లు మనమే అటు తొంగి చూడలేదు," అన్నాడు క్వారీలో రాయి తొలిచే కంప్రెసర్ డ్రైవరు. "ఇప్పుడు మనదంటే ఎవడు నమ్ముతాడు?"

"మరి కాంట్రాక్టర్ని ఒక్క దయ్యమూ పట్టలేదేం?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"దయ్యాలకూ తెలుసురా, ఎవరి జోలికెళ్లాలో."

నవ్వులు లేచాయి. అక్క నవ్వలేదు. "ఆ సమాధుల రాళ్లు ఎత్తుకుపోయినవాడి చేతులు పడిపోనూ," అంది.

గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె తల్లి దగ్గింది. "నా చేతులేనే," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మగాళ్లు పోయాక కంపెనీ మమ్మల్ని క్వార్టర్లలోంచి గెంటేసింది. వానలు. గుడిసెల్లో మోకాలిలోతు బురద. రాయి కొట్టే ఊళ్లో మాకు కాలు పెట్టడానికి రాయి లేదు. ఎవరి మనిషి రాయి వాళ్లం తెచ్చుకున్నాం. పేరు మీద కాలు పడకూడదని బోర్లా వేశాం. నువ్వు రోజూ బట్టలుతికే బండ మీ నాన్నదే."

"ఇన్నాళ్లూ చెప్పొద్దా అమ్మా?"

"ఏమని చెప్పను? మీ నాన్న మీద పిల్లల పెంటగుడ్డలు ఉతుకుతున్నావనా?"

అక్కకు తన అరచేతులంటేనే రోత పుట్టింది. ఆ రోతను తల్లి మీదికి తిప్పబోయి నిలవరించుకుంది. చచ్చినవాళ్ల రాయి పెకలించుకుంటే తప్ప బతికున్నవాళ్లకు కాలు మోపే చోటు లేకుండా చేసినవాడు వేరే ఉన్నాడు. ఇవాళ బూటు తుడుచుకున్న కాంట్రాక్టరు ఆ కంపెనీ యజమాని మనవడే.

తెల్లవారగానే నలభై ఒక్క ఇళ్లలో గునపాలు పడ్డాయి. ఉతుకు బండలు, గడప ముందు మెట్లు, మురుగుకాలువ మీది పలకలు లేచాయి. కింద వానపాములు, సబ్బు మడ్డి. వాటి కింద అక్షరాలు. బోర్లా పడి ఉన్నందువల్ల ఎండావానా తగలక, ఉలి పెట్టిననాటి పదునుతోనే ఉన్నాయి. మోకులు కట్టి, నలుగురికొక బండ చొప్పున మోసుకెళ్లి, పొక్లెయిన్ చుట్టూ నిలబెట్టారు.

"ఇవి నిన్న చెక్కించినవి," అన్నాడు కాంట్రాక్టరు.

"సబ్బు మడ్డి కూడా నిన్ననే పోశామా బాబూ?" అన్నాడు కంప్రెసర్ డ్రైవరు.

సర్వే అధికారి రాళ్లకేసి చూడలేదు, ఫోను చూసుకున్నాడు. అతను ఇచ్చిన మాటకు బదులు పోలీసు వ్యాను వచ్చింది. కదలమంటే కదలనందుకు ఇంటికొకరు చొప్పున నలభై ఒక్కమందిని ఎక్కించుకుంది.

స్టేషన్లో రైటరు రిజిస్టరు తెరిచాడు. "పేరు?"

అక్క తండ్రి పేరు చెప్పింది. చచ్చిన తేదీ కూడా చెప్పింది.

"అది మగాడి పేరు కదా."

"రాసుకోండి. మీరు పట్టుకొచ్చింది ఆయన కోసమే."

ఆమె వెనక కంప్రెసర్ డ్రైవరు తన తాత పేరు చెప్పాడు. ఆ వెనకవాళ్లూ అంతే. లాఠీ చూపినా ఎవరి నోటా సొంత పేరు రాలేదు. విసుగెత్తిన రైటరు చెప్పినవి చెప్పినట్టే రాసుకుపోయాడు. నలభై ఒక్క పేర్లు, ఒకటే తేదీ, కింద స్టేషను ముద్ర.

వ్యాను వెనకే నడిచొచ్చిన తల్లి, చివరి వరసలో సాక్షిగా వేలిముద్ర వేసి, బొటనవేలు చీరకు తుడుచుకుంది.

"దీని నకలు ఒకటి ఇప్పించండి నాయనా," అంది.