రంగూన్ ఓడకు నాలుగు మాటలు

మద్రాసు రైలుకు ఇంకా నాలుగు గంటలుంది. అహరోను తల్లికి ‘పోర్టు’ అనే మాట మూడోసారి చెబుతున్నాడు.

“ఓడ మొకం దిక్కు జూసి నిలబడితే నీ ఎడమ చెయ్యి దిక్కు పోర్టు. కుడి దిక్కు స్టార్‌బోర్డు.”

“పొద్దుగాల పోర్టంటే రేవు అంటివి,” అంది సమ్మక్క, చీరలు మడతపెడుతూ.

“అదీ పోర్టే, ఇదీ పోర్టే.”

“రెండిటికీ ఒకటే పేరా? మాటలకు గంత కరువొచ్చిందా?”

అహరోను పళ్లు కొరుక్కున్నాడు. బెల్లంపల్లి గనిలో చేరకముందు అతను రెండేళ్లు ఓడలో పనిచేశాడు. ఆ క్వార్టర్ల వరసలో ఓడ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. రంగూన్‌లో చెల్లెలు సరోజనకు ఎనిమిదో నెల. తొలి కాన్పు, దగ్గర అయినవాళ్లెవరూ లేరు. ఆమె భర్త పంపింది ఒక్క టికెట్టే. ఓడలో ఎవరైనా ‘పోర్టు దిక్కు రండి’ అని కేకేస్తే, రేవొచ్చిందనుకుని ఈమె మూట నెత్తిన పెట్టుకుని సముద్రంలోకి దిగేలా ఉంది.

“సరే, అది ఇడిసిపెట్టు. నీది డెక్కు టికెట్టు. డెక్కంటే?”

“గుర్రానికుంటది.”

“అవ్వా, జర మనసు పెట్టి ఇను. డెక్కంటే ఓడ పైన బయలు జాగ. ఆడనే పండుడు, ఆడనే తినుడు.” ఠక్కున గుర్తొచ్చింది. “సద్ది ఏది? నిన్న అటుకులు దంచితివి గదా?”

“పక్కింటి బుచ్చవ్వ పిల్లలకు పెట్టిన.”

“అన్నీనా?”

“మోసుడెందుకు? ఓడ లంగర్ వేస్తదని నువ్వే అంటివి.”

అహరోను నెత్తి పట్టుకున్నాడు. పీర్ల పండుగకు బీదాబిక్కీకి పెట్టే అన్నాన్ని ఇక్కడ లంగర్ అంటారు.

“లంగరంటే అన్నం గాదు. ఇనుప కొక్కెం. గొలుసు కట్టి నీళ్లల్ల వేస్తే ఓడ కదలకుంట ఆగుతది.”

“మరి అన్నం ఎవ్వలు పెడ్తరు?”

“డెక్కోళ్లకు ఎవ్వలు పెట్టరు.” అతని ఓపిక తెగిపోయింది. “నువ్వు పోవద్దు. టికెట్టు వాపస్ పంపుత. రంగూన్ల దవఖానలున్నయి, నర్సులున్నరు. నువ్వు నడిమిట్లనే ఆగమైతవు.”

సమ్మక్క చేతిలో చీర ఆగింది.

“ఒక్కటి చెప్పు కొడుకా. ఓడ ఆగినంక సరోజన ఎటు దిక్కు నిలబడ్తది? నీ పోర్టు దిక్కా, గా రెండో దిక్కా?”

రంగూన్ రేవు అహరోను చూడలేదు. ఏ రేవునూ సరిగా చూసింది లేదు.

“నాకెరుక లేదు,” అన్నాడు. “నేను కింద బాయిలర్ కాడ బొగ్గు ఏసేటోన్ని. గీ మాటలన్నీ పైనుంచి ఇనవడేటియి.”

“మరి నాకు పంతులువు కమ్మని ఎవ్వలన్నరు నిన్ను?” సమ్మక్క చీరను మూటలో కుక్కింది. “జనం ఎటు ఉరికితే నేనూ అటే ఉరుకుత. నా బిడ్డను నేను గుర్తుపట్టనా?”

అహరోను చెప్పులు తొడుక్కున్నాడు.

“ఎటు?”

“గనిల సెలవు అడుగనీకి. మద్రాసు దాక నేనొస్త. ఓడెక్కిచ్చి వస్త.”

“రా. తొవ్వల మాత్రం నోరు మూసుకొని కూసో.”