నలభై ఎనిమిదో రోజు వాతావరణం

మా అమ్మాయి యశోద పోయి ఎనిమిది నెలలైంది. కార్తీకంలో జ్వరం వచ్చింది. ఆరో రోజుకు మనిషి లేదు. ఇరవై ఏడేళ్లు.

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేది. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడికి రంగు నింపే పని. పెనుకొండలోని మా ఇంటి నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. ఆదివారం మాత్రం హిందూపురం పోయేది. అక్కడ బాలాజి జిరాక్స్ షాపు పైగదిలో నలుగురు స్నేహితులతో కూర్చుని ఒక ఆట ఆడేది.

ఆ ఆట గురించి ఆమె చెప్పినంతే నాకు తెలుసు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరు కథలో ఒక్కో మనిషవుతారు. ఒకరు ఆట నడుపుతారు. మీరు ఫలానా చోట ఉన్నారు, ఎదురుగా ఇది ఉంది, ఏం చేస్తారు అని అడుగుతారు. చేసింది ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది. నడిపేది యశోద. ఆ నలుగురూ గొర్రెల కాపరులు. మందను తోలుకుంటూ, ఎవరూ ఎరగని ఒక మెట్టను దాటి పచ్చిక ఉన్న చోటికి చేరాలి. ఏడాది పైగా ఆడుతున్నారు, ఇంకా దాటలేదు.

ఆటకు కావలసినవన్నీ ఒక రేకుపెట్టెలో ఉండేవి. ఇరవై ముఖాల పాచిక. మట్టితో చేసి రంగు వేసిన వేలెడంత కాపరులు. డిజైన్ కాగితాలు అతికించి గీసిన పటం. ఇరవై వరుసల వాతావరణ పట్టిక, ఒక నోటుబుక్కు. కథలో తెల్లవారినప్పుడల్లా పాచిక వేస్తారు. పడిన అంకె పట్టికలో ఏ వరుసదైతే ఆ రోజు అదే వాతావరణం. దాన్ని యశోద నోటుబుక్కులో రాసేది. చివర రాసింది ఇది: ‘నలభై ఏడో రోజు. మబ్బు. చినుకు లేదు.’ దాని కింద పేజీ ఖాళీగా ఉంది.

ఆ పెట్టె కోసం బాలాజి సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చాడు. పెనుకొండ హైస్కూల్లో నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. యశోద మొదలుపెట్టిన కథను సగంలో వదలలేమని, మిగిలినవాళ్లం ముగిస్తామని అన్నాడు. పెట్టె ఎక్కడుందో చూడాలన్నాను. ఉగాది తర్వాత ఫోన్ చేశాడు. కనబడలేదన్నాను. అది నా బల్ల కిందే ఉంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెబుతున్నవాణ్ణి.

వాళ్లు ఆడితే ఆ ఖాళీలో నలభై ఎనిమిదో రోజు రాస్తారు. ఇంకొకరి చేతిరాత దాని కింద చేరుతుంది. రాయనంతవరకూ ఆఖరి మాట యశోదదే. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్య రామాంజినమ్మకు తెలిసినట్టే ఉంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, నా ముఖం చూడకుండా అంది.

“ఇచ్చేదైతే ఇయ్యి. లేదంటే లేదని చెప్పు. ఆ పిల్లోల్లను ఊరికే తిప్పించుకోవద్దు.”

ఆషాఢంలో నీలావతి వచ్చింది. హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్. ఆటలో ఆమె కూడా ఒక కాపరి. పెట్టె అడగడానికి రాలేదని ముందే చెప్పింది. చూసిపోదామని వచ్చిందట. రామాంజినమ్మతో చాలాసేపు మాట్లాడింది. పోయే ముందు ఆట సంగతి తనే ఎత్తింది.

“రెండు నూర్ల గొర్రెలతో బయలుదేరినాం సార్. ఇప్పుడు ముప్పై ఒకటి ఉండాయి.”

ఏమైందని అడిగాను.

“వాన యాడుంది సార్? నలభై ఏడు రోజుల్లో రెండు దినాలు పడింది. పట్టిక మార్చమని యశోదతో ఎంత కొట్లాడినామో. బాలాజి అయితే రెండు ఆదివారాలు మాట్లాడలేదు. ఆ పిల్ల వినలేదు. మా నాయన దిద్దినాడు, లెక్క సరిగ్గానే ఉండాది అనేది.”

నీలావతి నన్ను తప్పు పట్టి ఆ మాట అనలేదు. నాకు తెలిసే ఉంటుందనుకుంది.

నాకు గుర్తుంది. ఒక సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుతుంటే యశోద ఆ పట్టిక తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవై వరుసల్లో ఏడు వానకు ఇచ్చింది. మన ప్రాంతంలో ఏడాదికి వాన పడే రోజులు నలభై కూడా దాటవు కదా, ఇరవైలో రెండు చాలు అన్నాను. చేతిలో ఉన్న ఎర్ర పెన్నుతోనే ఐదు వరుసలు కొట్టేసి, వాటి ఎదురుగా ఎండ, పొడి గాలి అని రాశాను. ఆ ఆటలో వాన దేనికి కావాలో అడగలేదు. ఆమె సరేనని కాగితం తీసుకుపోయింది. నా ముందు సరే అన్నా, తర్వాత తన ఇష్టప్రకారం చేసుకుని ఉంటుందనుకున్నాను. చాలా విషయాల్లో అలాగే చేసేది.

నీలావతి ఇంకొక మాట చెప్పింది. ఆట నడిపేవాళ్లు పాచికను అట్ట చాటున వేసుకోవచ్చట. పడిన అంకె బాగాలేకపోతే ఇంకొకటి చెప్పొచ్చట. మిగతావన్నీ యశోద అలాగే చాటున వేసేదట. వాతావరణం మాత్రం అందరి ముందు వేసేది.

ఆ వచ్చిన ఆదివారం పెట్టె పట్టుకుని హిందూపురం వెళ్లాను.

పైగదిలో నలుగురూ ఉన్నారు. నాకు కుర్చీ వేశారు. పట్టిక తీసి బల్ల మీద పరిచి, ఇది నా తప్పని చెప్పాను. మొదట ఆమె రాసినట్టు ఏడు వరుసలూ వానకే మార్చేస్తానన్నాను. పెన్ను తీశాను.

బాలాజి పట్టిక మీద చెయ్యి పెట్టాడు.

“వద్దు సార్. ఈ లెక్కతోనే అన్ని గొర్రెలు పోయినాయి. ఇప్పుడు మారిస్తే అవన్నీ ఊరికే చచ్చినట్టు అయితాయి.”

 ఒకతను కిటికీ వైపు చూస్తున్నాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాను.

ఆట నీలావతి నడుపుతుందని వాళ్లు ముందే అనుకున్నారు. ఆమె పాచిక నాకు ఇవ్వబోయింది. నువ్వే వేయమన్నాను. పదకొండు పడింది. నోటుబుక్కు తెరిచి, రాయొచ్చా అన్నట్టు నన్ను చూసింది. రాయమ్మా అన్నాను. రాసింది: ‘నలభై ఎనిమిదో రోజు. పొడి గాలి.’ పెద్ద అక్షరాలు, కుడి వైపుకు ఒరిగి ఉన్నాయి. యశోదవి చిన్నవి.

ఆ రోజు రెండు గొర్రెలు పోయాయి. నీలావతికి చెప్పడం ఇంకా అలవాటు కాలేదు. మధ్యమధ్యలో ఆగి పటం చూసుకునేది. ఆమె ఆగినప్పుడల్లా అందరూ మౌనంగా ఉండిపోయేవాళ్లు. ఆ మౌనంలో వాళ్లు ఎవరి గొంతు కోసం చూస్తున్నారో నాకు తెలుసు. నేనూ చూస్తున్నాను.

సాయంత్రానికి కథలో ఆరు రోజులు గడిచాయి. ఒక్క రోజూ వాన పడలేదు. ఇరవై నాలుగు గొర్రెలు మిగిలాయి. పేజీలో సగం దాకా నీలావతి చేతిరాతే. పెన్సిలుతో గీసిన పటంలో నీళ్ల గుర్తు ఉన్న చోటికి ఇంకా చాలా దూరం ఉంది.

రైలుకు టైమైందని లేచాను. పెట్టె ఇక్కడే ఉంచమంటారా అని బాలాజి అడిగాడు. ఉంచమన్నాను. మెట్లు దిగుతుంటే పైన ఎవరో మళ్లీ ఎండే అన్నారు. ఇంకొకరు విసుక్కున్నారు. నేను స్టేషన్ వైపు నడిచాను.