కళ్ళు మూయని దుర్యోధనుడు

ఆ శుక్రవారం ఉదయం పార్కు గేటు దగ్గర ఉన్నవారి పేర్లను, వారు నిలబడిన వరుసలోనే చెప్పాలి. అందరికంటే ముందు, గేటు కమ్మీని ఒక చేత్తో, పారను మరో చేత్తో పట్టుకొని, మట్టిబొమ్మల మునెయ్య. వయస్సు డెబ్భై నాలుగు. ఆయన వెనుక, ఖాళీ గంపతో, భార్య నాగులమ్మ. ఆమె వెనుక మరమగ్గాల కార్మిక సంఘం నాయకురాలు చంద్రిక, పొద్దుటి షిఫ్టుకు పోతూ ఆగిన పదకొండుమంది ఆడవాళ్ళు. గేటుకు లోపలి వైపు ఇద్దరు కాపలా మనుషులు. వాళ్ళ వెనుక పార్కు కాంట్రాక్టరు గిరిప్రసాద్. అందరికంటే చివర, వీధికి ఇవతల, తన ఇంటి మెట్లమీద, చేతిలో దినపత్రికతో, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు బాలసుబ్రమణ్యం. పార్కు నడిమధ్య, పలకలు పరచిన నేలమీద, వెల్లకిలా పడుకొని ఇరవై రెండడుగుల దుర్యోధనుడు ఉన్నాడు. అతణ్ణి కూడా హాజరైనవారిలో చేర్చాలా అన్నది మిట్టవీధిలో ఇంకా తేలలేదు.

కార్వేటినగరానికీ నగరికీ నడుమనున్న ఆ నేతపట్టణంలో ఆ నేల పేరు భారతం మిట్ట. ఏటా వేసవిలో పద్దెనిమిది రోజులు అక్కడ భారతం జరిగేది. తొలిరోజే మిట్ట మన్ను తవ్వి నానబెట్టేవారు. చివరి రోజు పొద్దున ఆ మన్నుతో నేలమీద దుర్యోధనుణ్ణి పరుండబెట్టి, ఎండ ముదిరేలోగా కళ్ళు దిద్దేవారు. భీముడి వేషగాడు తొడ విరగగొట్టేవాడు. ద్రౌపది జుట్టు ముడివేసుకునేది. ఆ మరుక్షణం ఊరంతా మీదపడి ఆ మట్టిని పిడికెడు పిడికెడుగా ఇండ్లకు పట్టుకుపోయేది. మగ్గం మూలలో ఒక పిడికెడు, బియ్యపు తొట్టి పక్కన ఒక పిడికెడు. దుర్యోధనుడి ఆయుష్షు ఒక్క పూట. తెరిచిన కళ్ళు పొద్దు వాలకముందే మట్టిలో కలిసిపోవాలి. నలభై ఏళ్ళుగా ఆ కళ్ళు తెరిచినవాడు మునెయ్య.

పద్నాలుగు నెలల కిందట మిట్ట పార్కు అయింది. పట్టణ సుందరీకరణ, ప్రజాకళల ప్రణాళిక అని పేర్లు. నివాసుల అభిప్రాయ సేకరణకు సభ పెట్టినప్పుడు, నగరం నుంచి వచ్చిన నిపుణురాలు ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది: ఇంత గొప్ప శిల్పాన్ని ఏటేటా పగలగొట్టడమెందుకు, శాశ్వతంగా నిలుపుకోవచ్చు కదా? ఆ సభలో ఇంగ్లీషులో జవాబు చెప్పగలిగినవాడు నివాసుల సంఘం అధ్యక్షుడు బాలసుబ్రమణ్యం ఒక్కడే. ఆయన ఆ ప్రశ్నకు పొంగిపోయాడు. తానే బొమ్మ గీసి ఇచ్చాడు. కనుగుడ్డు, కనుపాప, రెప్ప వంపు, అన్నీ కొలతలతో గీశాడు. ఆ గీతల ప్రకారం ఫైబరుతో పోతపోసిన దుర్యోధనుడు లారీమీద వచ్చాడు. పార్కు చుట్టూ కంచె వచ్చింది. పోయిన ఏడు భీముడు ఆ కంచె చుట్టూ మూడుసార్లు తిరిగి, గద భుజాన వేసుకొని ఇంటికి పోయాడు. యుద్ధం ముగియలేదు.

అప్పటినుంచీ ఆ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎండకు తెరిచి, వానకు తెరిచి, ఎవరు పోతున్నా చూస్తూ. మొదట జనం నవ్వారు. తరువాత షిఫ్టుకు పోయే ఆడవాళ్ళు పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోసాగారు. బాలింతలు ఆ వైపు తలుపులు తీయడం మానేశారు. నూలు తెగితే వాడు చూశాడన్నారు. బాలసుబ్రమణ్యం వీటిని మూఢనమ్మకాలన్నాడు. ఎదురుగా చూస్తున్నట్టు గీసిన కళ్ళు ఎటు నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టు కనబడతాయన్న సూత్రాన్ని ఆయన ముప్పై ఏళ్ళు పాఠంగా చెప్పాడు. అయినా తన పడక్కుర్చీని కిటికీ దగ్గరి నుంచి వెనక గదిలోకి మార్చుకున్నాడు.

"మట్టి కావాలప్పా. ఒక పది గంపలు. భారతానికి. ఇయ్యాల తొలిరోజు గదా," అన్నాడు మునెయ్య.

"బొమ్మ ఉండాది గదా తాతా! ఇంగ మట్టెందుకు?" కాపలా మనిషి నవ్వాడు.

"అది సావదు రా. సావనోణ్ణి పెట్టుకోని భారతం యెట్ల ముగించేది?"

గిరిప్రసాద్ ముందుకొచ్చాడు. "పెద్దాయనా, పలక లేపితే కేసు అయితాది. ఆదివారం ఈడ యోగా ఉండాది, ఆఫీసర్లు వస్తాండారు. పో, పొయ్యి నీడన కూచో."

"మా మిట్టలో మేము నీడ గూడా నిన్నడిగి కూచోవాల్నా?" అంది చంద్రిక.

"మీ మిట్టని యాడ రాసుండాది మే?"

మునెయ్య ఆ మాట విన్నాడో లేదో తెలియదు. కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి గడియ తీశాడు. తిన్నగా నడిచి, దుర్యోధనుడి భుజం పక్కన పలక సందులో పార మోపాడు. ఒక కాపలా మనిషి పార లాగాడు. రెండోవాడు రొమ్ముమీద చెయ్యి వేసి తోశాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. తల పలక అంచుకు తగిలిన చప్పుడు మెట్లమీదున్న బాలసుబ్రమణ్యానికి కూడా వినబడింది. ఇప్పుడు ఆ నేలమీద ఇద్దరు పక్కపక్కనే పడుకొని ఉన్నారు. ఇద్దరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. నాగులమ్మ గంప వదిలేసి వచ్చి ఒక జత కళ్ళు మూసింది. రెండో జత అట్లాగే చూస్తూ ఉంది.

వడదెబ్బ అని మరునాడు పత్రికలో రెండు వరుసలు వచ్చాయి. తోసినట్టు చూశామని పన్నెండుమంది ఆడవాళ్ళు స్టేషన్లో చెబితే, బొమ్మ పనివాళ్ళకు భావోద్వేగం ఎక్కువ అని ఎస్సై కాగితం మడిచాడు. వాళ్ళు మగ్గాల పనివాళ్ళన్న సంగతి కూడా అతడు కనుక్కోలేదు.

భారతం ఆరో రోజు మధ్యాహ్నం మగ్గాలు ఆపి, షెడ్డులోనే సభ పెట్టారు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగినవాళ్ళకు ఆ నిశ్శబ్దం చెవుల్లో గుచ్చుకుంది. గుడి ఆవరణలో చిన్న బొమ్మ చేసుకుందామని కొందరన్నారు. అనుమతికి దరఖాస్తు పెడదామని కొందరన్నారు. అప్పుడు బాలసుబ్రమణ్యం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, వినతిపత్రం తాను రాసిపెడతానన్నాడు.

నాగులమ్మ తలెత్తింది. "ఆ కండ్లు గీసింది నువ్వేనంట గదా అయివారా?"

"నేనే," అన్నాడాయన. "అనుమతి లేనిదే అక్కడ ఏ కార్యక్రమమూ జరపకూడదన్న షరతుమీద, మీ అందరి తరఫున సంతకం పెట్టినవాణ్ణి కూడా నేనే. మీలో ఒక్కరినీ అడగలేదు."

షెడ్డు అట్టుడికింది. "మనల్ని అడిగితే అయివారి సదువు తరిగిపోతాదని భయపడినాడేమో!" అని ఎవరో అంటే చేదు నవ్వు లేచింది. "బొమ్మకు కండ్లు గీసినాడు, ఆయప్పకే కండ్లు లేవు!" అంది ఇంకొకామె.

నాగులమ్మ చెయ్యెత్తింది. "ఆయన్ని తిట్టి ఏం సాధిస్తాం మే? మాయాయన సచ్చిపొయ్యె. ఆ నాబట్ట ఇంగా బతికే ఉండాడు. వాణ్ణి యెట్ల సంపాలో అది చెప్పండి."

"మట్టి యాడిది పెద్దమ్మా?" అన్నాడు సురేంద్ర. మగ్గాల మెకానిక్కు, ఏటా భీముడి వేషం వేసేవాడు. "పైనంతా పలకలు పరిసినారు. మిట్టే లేదు."

"మిట్ట యాడికీ పోలేదు. మీ ఇండ్లల్లోనే ఉండాది. నలభై ఏండ్లు పిడికెడు పిడికెడు మోసకపోతిరి గదా. ఎత్తుకోని రాండి."

ఆ మాట ఎంత పెద్దదో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

బాలసుబ్రమణ్యం ఇంటికి పోయి వెతికాడు. తల్లి దాచిన పిడికెడు మట్టిని, ఇంటికి రంగులు వేయించిన ఏడాది, తానే చెత్తతో ఊడ్పించాడని గుర్తుకొచ్చింది. ఆ ఇంట్లో మిట్ట లేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున మూడువందల గడపల నుంచి జనం వచ్చారు. పౌడరు డబ్బాల్లో, ఊరగాయ జాడీల్లో, చీర కొంగుల్లో, నల్లదీ ఎర్రదీ గడ్డకట్టినదీ పొడి అయినదీ, అందరి చేతుల్లో మట్టే. గేటు దగ్గర 'ఇచ్చట తవ్వరాదు' అన్న కొత్త బోర్డు, ఎస్సై, ఆరుగురు పోలీసులు, గిరిప్రసాద్.

"బోర్డులో తవ్వొద్దని రాసినారు సార్. మేం తవ్వం. పోస్తాం," అంది చంద్రిక.

ఎస్సై బోర్డువైపు చూశాడు. ఆ చూపు తిప్పిన క్షణంలో మొదటి వరుస లోపలికి నడిచింది. తరువాత ఆపడానికి అక్కడ చేతులు చాలలేదు.

బాలసుబ్రమణ్యం బిందెతో నీళ్ళు మోశాడు. ఆయనకు మట్టి ఇవ్వమని అడిగే హక్కు లేదు. నీళ్ళకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఫైబరు పాదాలు, తొడలు, రొమ్ము వేలెడు మందాన మట్టిలో మునిగాయి. ముఖం మీద మట్టి పడినప్పుడు ఆయన చూడలేక తల తిప్పుకున్నాడు. తిరిగి చూసేసరికి కళ్ళు లేవు. కొత్త కళ్ళు దిద్దేదెవరని పెద్దలు అడిగారు. కళ్ళు తెరవని శత్రువును చంపడం ఆచారం కాదు.

బరి చుట్టూ కట్టిన తాడుకు అవతలి నుంచి నాగులమ్మ అంది: "కండ్లొద్దు. పద్నాలుగు నెల్లు సూసినాడు. సాలు."

ఆమె తాడుకు అవతలే ఉంది. మొగుడు పోయిన ఏడాదిలోపు భారతం బరిలోకి ఆడది అడుగుపెట్టకూడదు.

సురేంద్ర ముఖానికి రంగుతో, కాళ్ళకు గజ్జెలతో వచ్చి గద ఎత్తాడు. "ఒరేయ్, మట్టి కింద ఉన్నది ప్రభుత్వ ఆస్తి. ఒక్క దెబ్బ పడితే జైలుకు పోతావు," అన్నాడు ఎస్సై. గద గాలిలోనే ఆగింది. భీముడి రంగుమీద చెమట చారలు కట్టింది. "నాకు ఇద్దరు బిడ్డలుండారు పెద్దమ్మా," అన్నాడు సురేంద్ర, ఎవరి వంకా చూడకుండా. గద నేలమీద ఆనించాడు. గిరిప్రసాద్ నవ్వాడు. మూడువందల గడపల జనం మళ్ళీ కంచె చుట్టూ తిరిగి ఇంటికి పోవలసిన క్షణం అది.

నాగులమ్మ తాడు దాటింది.

"మేయ్ నాగులూ, మైల!" అని ఒక ముసలమ్మ అరిచింది.

"మైల వానిది. నాది గాదు."

గద అందుకుంది. మొదటి దెబ్బకు మట్టి పెళ్ళలు రాలాయి. రెండో దెబ్బకు లోపలి నుంచి డొల్ల చప్పుడు వచ్చింది. మూడో దెబ్బకు తొడ పగిలి, పద్నాలుగు నెలలుగా లోపల మగ్గిన వేడిగాలి బయటికి వచ్చింది. దగ్గరున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ తరువాత ఎవరూ వెనక్కి వేయలేదు. సురేంద్ర చేతులతోనే చీల్చాడు. ద్రౌపది వేషంలోని మనిషి జుట్టు ముడివేసుకోవడం కూడా మరచి మీదపడ్డాడు.

"ముందు కొట్టిందెవరు?" ఎస్సై పుస్తకం తీశాడు.

"నేను," అంది చంద్రిక. "నేను," అన్నాడు సురేంద్ర. నేను, నేను అని గేటు దాకా వినబడింది. బాలసుబ్రమణ్యం తడి చొక్కాతో ముందుకొచ్చి, "నా పేరు రాయండి. చదువుకున్నవాణ్ణి, తెలిసే చేశాను," అన్నాడు.

"అబద్ధమెందుకు అయివారా?" నాగులమ్మ గద ఆయన చేతికిచ్చింది. "ముందు కొట్టింది నేను. ఎనకాల కొట్టినోళ్ళను గూడా రాసుకో అబ్బోడా. ఊరంతా వస్తాది."

ఆమె జీపెక్కింది. జీపు వెనక మిట్టవీధి నడిచింది. మునెయ్యను తోసినవాడి పేరు రాసుకునేదాకా స్టేషను ముందు నుంచి కదలబోమని కూర్చుంది. ఆ సాయంత్రం ఏ షెడ్డులోనూ మగ్గం ఆడలేదు, మరునాడూ ఆడలేదు. పార్కు ఊడ్చినవాళ్ళకు ఫైబరు ముక్కలన్నీ దొరికాయి, ఎడమ కన్ను తప్ప. అది ఎక్కడ పడి ఎవరిని చూస్తున్నదో ఎవరికీ తెలియదు. బాలసుబ్రమణ్యం మాత్రం ఇప్పటికీ తలుపు తీసేముందు ఒక క్షణం ఆగుతాడు.

భారతం పద్దెనిమిదో రోజున, భారతం మిట్టమీద, నలుగురూ వెనుకాడిన వేళ మొదటి దెబ్బ కొట్టినవారు కీర్తిశేషులు మునెయ్యగారి భార్య నాగులమ్మగారు, వయస్సు అరవై ఎనిమిది, ప్రస్తుతం రిమాండులో ఉన్నారు. ఆ పని ఆమె స్వయంగా, తెలిసి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా చేశారు. మిట్టవీధి నివాసులు, మరమగ్గాల కార్మికులు ఈ సంగతిని ఆమెకు రుణపడి అంగీకరిస్తున్నారు.