నాన్న లైను పాఠం

మా నాన్న దేవీప్రసాద్ మాస్టారికి ఇంగ్లీషులో ప్రాణమైన మాట ఒకటుంది. లైన్. అనకాపల్లిలో ఆయన దగ్గర చదువుకున్న ఎవరిని ఆపి అడిగినా ఆ పాఠం గడగడా అప్పజెబుతారు. మా వరండాలో ట్యూషన్‌కి వచ్చే ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజు అదే. పాఠం అయ్యేసరికి గొంతెండిపోయి, "ఒలే, మంచినీళ్లు!" అని అమ్మను కేకేసేవాడు. అమ్మ పరుగెత్తుకొచ్చేది. ఇంగ్లీషు మాస్టారయ్యుండి ఆ ఒలే ఏమిటని నాకు ఒళ్లు మండేది.

పోయిన వేసవిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. చెయ్యి కాస్త తేరుకుంది గానీ మాట పోయింది. "అ... అది..." అంటాడు, అంతే. కిరణ్ గారని స్పీచ్ థెరపిస్టు ఇంటికొచ్చి చూస్తున్నారు. ఒకసారి అమ్మను చూపించి, "ఈవిడ పేరేంటి సార్?" అని అడిగారు. నాన్న తల దించుకున్నాడు.

"బాగున్నప్పుడు మాత్రం ఏనాడు పలికేరు గనక!" అన్నాను.

అమ్మ నన్ను గుర్రుగా చూసింది. తర్వాత వంటింట్లో అంది, "పేరొద్దే రాజశ్రీ. ఆ నోటితో నన్నొక్కసారి పిలిత్తే సాలు."

ఒకరోజు ఎంత బతిమాలినా నాన్న నోరు విప్పలేదు. విసుగెత్తి, "పోనీ, లైన్ అంటే ఏటి నాన్నా?" అని కసిరాను.

నాన్న నిటారుగా కూర్చున్నాడు.

"లైన్ అంటే మొదట అవిసె నారతో పేనిన దారం. లాటిన్ మాట. దారం బిగించి వడ్రంగి గీత కొట్టేడు, గీత కూడా లైనే అయింది. బెల్లం మార్కెట్టు ముందు బళ్లు నిలబడితే లైను. స్తంభాల మీద కరెంటు లైను, పట్టాల మీద రైలు లైను, పద్యంలో పాదం లైను, తాత నుంచి మనవడి దాకా వంశం లైను. మీరు కాలేజీ గేటు దగ్గర వేసేది కూడా లైనే, వెధవల్లారా!"

ఎక్కడా తడబాటు లేదు. ఆగి, పక్కనున్న స్టూలు మీది గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. ఆ తర్వాత మళ్లీ "అ... అది..."

నేను ఏడ్చేశాను. కిరణ్ గారికి ఫోన్ చేస్తే, "ఎక్కువ ఆశ పెట్టుకోకండి మేడమ్. అది ఎక్కాల్లాగా కంఠతా వచ్చింది. మాట్లాడటం కాదు," అన్నారు. అదే అమ్మకి చెప్పాను. అమ్మ స్టూలు వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు అమ్మ స్టూలు మీది గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయింది. తలుపు చాటున నిలబడి, లైన్ పాఠం అడగమని నాకు సైగ చేసింది. అడిగాను. నాన్న వెధవల్లారా దాకా వచ్చి ఆగాడు. చెయ్యి స్టూలంతా తడిమింది.

"ఒలే, మంచినీళ్లు!"

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత బాధపడుతుందని దగ్గరికెళ్లి, "ఇదీ కంఠతా వచ్చిందేనమ్మా," అన్నాను.

"ఇన్నేళ్లూ కంఠతా కాక ఇంకెలాగ పిలిసేరే?" అంది కళ్లు తుడుచుకుంటూ. "వత్తన్నానండీ!" అని గట్టిగా పలికింది.

గ్లాసు చేతిలోనే ఉంది. అయినా కదల్లేదు. నాన్న రెండోసారి పిలిచేదాకా అక్కడే నిలబడింది.