అరణంగా వచ్చిన పిల్ల

కర్నూలులో అద్దె ఇంటి ముందుగదిలో కూర్చుని భువన చేసే పని ఏమిటో ఆమె అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా బోధపడలేదు. "ఎవురో తెల్లోళ్ళ ముత్తాతలు నీకెందుకమ్మా? మన ముత్తాత పేరు చెప్పమంటే నీకు తెల్దు" అనేది. అదీ నిజమే. భువన చరిత్రలో ఎం.ఏ. చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది. ఆ కాలేజీ మూతపడ్డాక హైదరాబాదులోని ఒక చిన్న సంస్థలో చేరింది. తమ వంశం ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనుకునే అమెరికావాళ్ళకు ఆ సంస్థ పాత కాగితాలు వెతికిపెడుతుంది. పాతకాలపు వీలునామాలు, చర్చిల్లో బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసుకున్న పుస్తకాలు, అన్నీ ఫొటోలుగా కంప్యూటర్లోకి వస్తాయి. ఆ గొలుసుకట్టు రాతను కూడబలుక్కుని చదివి, ఎవరికి ఎవరు పుట్టారో తేల్చడం భువన పని.

ఆ వేసవిలో ఆమెకు పెన్‌ఫీల్డ్ అనే కుటుంబం వచ్చింది. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో కనెక్టికట్‌లో సేద్యం చేసుకుని బతికిన కుటుంబం అది. ఇప్పటి వారసురాలు ఒక ముసలావిడ, తన వరస మొదటిదాకా కావాలని అడిగింది. భువన ఆమె దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచింది. ఒకరి పెళ్ళి ఒక చర్చిలో దొరికితే ఆమె తల్లి బాప్తిస్మం ఎక్కడో నది ఎగువన ఇంకో చర్చిలో దొరికేది. ఒకే పేరున్న తాతా మనవల మధ్య చిక్కుకుని వారమంతా పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. చివరికి మెర్సీ అనే ఆమె దగ్గర దారి ఆగింది. మెర్సీ ఎవరి కూతురో ఏ చర్చి పుస్తకమూ చెప్పలేదు. జొసయా పెన్‌ఫీల్డ్ అనే రైతు వీలునామా చెప్పింది.

"నా కొడుకు శామ్యూల్‌కు ఏటి పక్క పొలం, కాడి ఎద్దులు, నల్లమనిషి ఫిల్లిస్" అని రాశాడు జొసయా. "నా కూతురు మెర్సీకి ఎర్రావు, ఈకల పరుపు, ఫిల్లిస్ కూతురు డైనా. డైనా కడుపున ముందుముందు పుట్టే బిడ్డలు కూడా మెర్సీకే చెందాలి."

భువనకు కావలసిన ముక్క దొరికినట్టే. మెర్సీ జొసయా కూతురు. పని అయిపోయింది. కానీ ఆమె కంప్యూటరు మూయలేకపోయింది. తల్లి కొడుక్కీ, పిల్ల కూతురికీ. మధ్యలో ఒక పరుపు.

తనను ఎవరూ అడగకపోయినా డైనా కోసం వెతికింది. మెర్సీ మెట్టిన ఊరి చర్చిలో డైనా బాప్తిస్మం ఉంది. తర్వాత డైనా బిడ్డ చావు ఉంది, ఆ బిడ్డకు పేరు రాయలేదు. కొన్నేళ్ళకు డైనా చావు. తల్లి ఫిల్లిస్ చావు శామ్యూల్ ఊళ్ళో. ఆ తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకున్నారో లేదో చెప్పే రాత ఎక్కడా లేదు. భువన ఇదంతా ఒక పుటగా రాసి నివేదిక చివర చేర్చింది.

పైఅధికారి భూపేష్ ఫోన్ చేశాడు. "బాగా చేశారు భువనగారూ. ఆఖరి పేజీ మాత్రం తీసేశాను. వాళ్ళడిగింది రక్తసంబంధం. డైనా వాళ్ళకేమవుతుంది?"

"ఏమీ కాదు సార్. ఆవుతో పాటు ఇచ్చారు."

"అందుకే తీసేశాను" అన్నాడతను, కోపమేమీ లేకుండానే.

నివేదిక డైనా లేకుండానే వెళ్ళింది. చాలా సంతోషమని ముసలావిడ జవాబు రాసింది.

ఆ తర్వాతి వారం భువన ఆలూరు వెళ్ళింది. ఆమె జేజి, అంటే నాన్నమ్మ, రామేశ్వరమ్మ పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం పనులున్నాయి. అమ్మానాన్నలు ఉద్యోగాల మీద ఊళ్ళు తిరుగుతుంటే భువన జేజి దగ్గరే పెరిగింది. జేజి దగ్గరంటే నిజానికి జీవమ్మ దగ్గర. స్నానం చేయించినా, జడ వేసినా, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నా జీవమ్మే. ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అవ్వా, అత్తా అని పిలిచే ఆ ఇంటి పిల్లలు ఆమెను మాత్రం పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఎందుకని ఎవరూ అనుకోలేదు. జేజిని జీవమ్మ అక్కా అనేది, ఆఖరి ఏళ్ళలో జేజికి పూటపూటా మాత్రలు వేసిందీ ఆమే.

జీవమ్మ పెరట్లో కూర్చుని సంవత్సరీకానికి మినుములు చెరుగుతోంది. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగింది, చేతులు మాత్రం ఆగవు. భువన వెళ్ళి పక్కన కూర్చుంది.

"జీవమ్మా, నువ్వు ఈ ఇంటికెట్లా వచ్చినావు?"

"అక్కతో వచ్చినా పాపా. అరణంగా పంపినారు." కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు కూడా ఇచ్చి పంపేదాన్ని అరణం అంటారు. "రెండు ట్రంకుపెట్టెలు, పందిరిమంచం, సూడావు, నేను. అక్కకు తోడు కావల్ల గదా, చిన్నపిల్ల."

"నువ్వెంత అప్పుడు?"

"నాకు పాలపండ్లు ఊడతాండె." నవ్వింది.

భువన నవ్వలేదు. "మీ అమ్మ పేరేంది?"

చేట ఆగింది. ఆ మాట తనను ఇంతవరకు ఎవరూ అడగలేదన్నట్టు జీవమ్మ ఆమె మొహంలోకే చూసింది. "సుంకులమ్మ" అంది నెమ్మదిగా. "తమ్ముడు బొజ్జన్న. పులివెందుల కాడ మా ఊరు. మాయమ్మ నన్నిచ్చేసి మళ్ళా తిరిగి సూల్లేదు. వాళ్ళంతా బొంబాయి పోయినారని అక్క చెప్పె."

"పోయి చూద్దామా?"

"ఎవరుంటారు పాపా" అంది. సాయంత్రానికి ఉతికిన చీర మడత పెట్టి, సంచి సర్దుకుని వసారాలో కూర్చుంది.

చిన్నాయన వీరభద్రకు ఇది నచ్చలేదు. "పని పెట్టుకోని ఇప్పుడు ఈ పెత్తనమేంది నీకు? ఆమెకు తిండి లేదా, బట్ట లేదా? ఇంట్లో మనిషి మాదిరి సూసుకోలేదా?" అన్నాడు.

"ఇంట్లో మనిషైతే ఊరికి పంపరా చిన్నాయనా?" అంది భువన. ఆయన వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే కారు మాట్లాడుకుని గుత్తి, తాడిపత్రి దాటి పోయారు. దారి పొడుగునా జీవమ్మ కిటికీ అంచు పట్టుకునే ఉంది. ఊళ్ళో బొజ్జన్న ఇల్లని అడిగితే సులువుగానే చూపించారు. బొజ్జన్న కుటుంబం బొంబాయి కాదు గదా, ఆ వీధి కూడా దాటలేదు.

ఇల్లు రేకుల షెడ్డు. బొజ్జన్న కొడుకు ఓబులేసు తుమ్మలపల్లె గనిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి అప్పుడే మొహం కడుక్కుంటున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. జీవమ్మ పేరు వినగానే తల అడ్డంగా ఊపాడు. "మా మేనత్త సచ్చిపోయి శానా ఏండ్లాయనమ్మా. మా నాయన పిల్లోడుగా ఉన్నప్పుడే. మీరు యాడనో పొరపాటు పడినారు."

"బొజ్జన్న యాడ?" అంది జీవమ్మ.

"మా నాయన కూడా పోయినాడు. ఆరేండ్లాయ."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "వానికి ఎడమ చెవి తమ్మె చీలింటాది. ఉయ్యాల ఊపుతా ఊపుతా నేనే పడేసినా. మాయమ్మ నన్ను కొట్టె."

ఓబులేసు తుండు చేతిలో పట్టుకుని అలాగే అరుగు మీద కూలబడ్డాడు. లోపల్నుంచి అతని భార్య నాగలక్ష్మమ్మ వచ్చి గడపలో నిలబడిపోయింది.

తర్వాత అతను చెప్పాడు. తండ్రి ఎన్నోసార్లు చెప్పుకుని ఏడ్చిన సంగతే. "పెండ్లికూతురికి తోడుగా నెల దినాలకు పంపమన్నారంట. ఏడాదైనా పిల్ల రాకపాయె. మా అవ్వ మా నాయన్ను ఎంటబెట్టుకోని ఆలూరు పోయింది. వాకిట్లోనే నిలబెట్టినారంట. లోపల్నుంచి ఆ పెండ్లికూతురే వచ్చిందంట. చేతినిండా ఎర్రగాజులేసుకోని, ఆయమ్మ కూడా చిన్నపిల్లేనంట. 'జీవమ్మకు అమ్మోరు పోసింది, సచ్చిపాయ, పూడ్చినారు' అని చెప్పిందంట. ఏడ్సుకుంటా చెప్పిందంట. ఆ ఏడుపు సూసే మా అవ్వ నమ్మింది. ఈడికొచ్చి దినాలు కూడా చేసినారు."

ఆ పెళ్ళికూతురు మా జేజి అని భువన చెప్పాలనుకుంది. చెప్పలేదు. ఆలూరు నుంచి వచ్చామని మాత్రమే ఆమె అప్పటికి చెప్పి ఉంది. పదిహేనేళ్ళు నిండని రామేశ్వరమ్మ, తెలియని ఊళ్ళో, తెలియని మనుషుల మధ్య, పుట్టింటి నుంచి వచ్చిన ఒక్క పిల్లను పోగొట్టుకోవడం ఇష్టంలేక వాకిట్లో ఏడుస్తూ నిలబడిన రామేశ్వరమ్మ ఆమె కళ్ళకు కట్టింది. జాలి పడబోయి, సుంకులమ్మ గుర్తొచ్చి పడలేకపోయింది.

జీవమ్మ నేలకేసి చూస్తూ తనలో తాను చెప్పుకున్నట్టు మొదలుపెట్టింది.

"ఒక దినం అక్క నన్ను గింజల అర్రలోకి తోసి గొళ్ళెం పెట్టె. సూదులేసేవాళ్ళు వచ్చినారు, మాట్లాడొద్దు అనె. నాకు సూదంటే శానా బయం. లంగా నోట్లో కుక్కోని కూసుంటి. అవతల ఎవురో ఆడమనిషి ఏడ్చేది ఇనపడె. అయ్యో, సూదేసినట్టుండారు పాపం అనుకొంటి." ఆగింది. "ఇన్నేండ్లూ అక్క నన్ను కాపాడె అనే అనుకొంటి."

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి జీవమ్మ పాదాల మీద పోసింది.

మధ్యాహ్నం ఎండలోనే జీవమ్మ శ్మశానానికి పోదామంది. సుంకులమ్మను పూడ్చిన చోట రాయి లేదు, గుర్తు లేదు. కంపచెట్లు మొలిచిన మట్టిలో ఓబులేసు చేయి చూపించి "ఇంచుమించు ఈడ" అన్నాడు. జీవమ్మ అక్కడ చతికిలబడి మట్టి చదును చేసింది. ఏడవలేదు. లేచాక భువనతో, "నువ్వు పో పాపా. నేనీడనే ఉంటా" అంది.

"మందులు, బట్టలు…"

"పో" అంది. ఆ గొంతు భువన ఎన్నడూ వినలేదు.

ఆలూరులో భువన జరిగింది చెప్పింది. వీరభద్ర గోడకేసి చూస్తూ విన్నాడు. "మాయమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఏం తెల్సుంటాది ఆ వయసులో" అన్నాడు.

"తర్వాతన్నా పెద్దదయింది గదా చిన్నాయనా. ఎనభై ఏండ్లు బతికింది."

"ఆమె సచ్చిపోయింది. ఇప్పుడు ఏం జెయ్యమంటావు?"

సంవత్సరీకం జరిగింది. బంధువులు తిని వెళ్ళారు. జేజి పటం ముందు అందరూ దండం పెట్టారు. భువన కూడా పెట్టింది, పెట్టకుండా ఉండే ధైర్యం లేక.

రెండు నెలల్లో భువన ఓబులేసు ఇంటికి రెండుసార్లు వెళ్ళివచ్చింది. జీవమ్మ ఆ ఇంట్లో ఊరికే కూర్చోలేదు, వేరుశనక్కాయలు ఒలిచేది, పొయ్యి ముందు కూర్చునేది. భువనతో పొడిపొడిగా మాట్లాడేది. తెచ్చిన చీరలు చేత్తో కూడా ముట్టకుండా నాగలక్ష్మమ్మ వైపు జరిపేది. జేజి పేరు ఎత్తలేదు. భువనా ఎత్తలేదు.

వానాకాలం మొదట్లో జీవమ్మకు జ్వరం పట్టుకుంది. పులివెందుల ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చి భువన బయలుదేరేలోపే అంతా అయిపోయింది. సుంకులమ్మను పూడ్చారని అనుకుంటున్న చోటే గుంత తీశారు. ఓబులేసు చెయ్యవలసిందంతా చేశాడు.

అందరూ ఇంటికి తిరిగి వచ్చాక నాగలక్ష్మమ్మ భువనకు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పింది.

"ఆఖర్న తెలివి లేదు గానీ ఒగటే మాటమ్మా. వాళ్ళమ్మను పిలుస్తాదేమో అని నేను చెవి నోటి కాడ పెట్టి ఇన్నా. పిలవలేదు. 'అక్కకు మాత్రేసినారా? పొద్దుపాయ, అక్కకు మాత్రేసినారా?' అని అదే అడిగింది. ఏసినాంలేవమ్మా, పండుకో అని చెప్పినా. అప్పుడు పండుకొనె."

భువన నీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి పెట్టింది.