పూసర్లపాలెమున వీరతిలకము

చండభానుకిరణసంతప్తమై సకలజలాశయశోషకమైన వైశాఖమాసపు కడపటి దినములలో నొకనాటి పూర్వాహ్ణమున తూర్పుసముద్రతీరమందలి పూసర్లపాలెమను రేవుపట్టణము తాటాకు పందిళ్లతోను మామిడితోరణములతోను సన్నాయిమేళముతోను పెండ్లియింటివలె నుండెను. కాని యచ్చట పెండ్లి లేదు. సముద్రముల కావల బస్రా యను చోట మూడేండ్లనుండి ప్రజ్వరిల్లుచున్న పరరాజుల యుద్ధమునకు ఆ పాలెపు పడుచువాండ్రను పందొమ్మండ్రను బంపు వేడుక మాత్రము జరుగుచుండెను. ఎండుచేపల కంపును పెద్దమనుష్యుల యుత్తరీయములనుండి వెడలు అత్తరు వాసనయు నేకమై యా పందిటినంతయు నిండియుండెను.

ఈ వేడుకకు గర్త జమీందారు సర్వారాయుడుగారు. సైనికులను జేర్చి యిచ్చినవారికి దొరతనమువారు బిరుదము లిత్తురని విన్న దినము మొదలుకొని యా మహానుభావునకు రాజభక్తి పొంగి పొరలజొచ్చెను. తన కుమారునకు మాత్రము ఉబ్బసమని వైద్యునిచే వ్రాయించి యింట నుంచుకొని పరుల కుమారులకు శౌర్యమును గూర్చి యుపన్యాసము లిచ్చుచుండెను. ఇంతటి నిస్సిగ్గును జెప్పుటకు నాకు మాటలు చాలకున్నవి. ఊరును రెండుగ జీలెను. ఉప్పు దిన్న రాజునకు ఊడిగము సేయవలెనని కొందఱును మనకు పగవాడు కానివానిని మనమేల చంపవలెనని కొందఱును వాదములాడి తుదకు విందులలో పంక్తులు సయితము వేఱు చేసికొనిరి.

ఈ రెండవ పక్షమునకు పెద్ద బడిపంతులు సోమయాజులు. ఆయన పఠనమందిరమున యుద్ధమును నిరసించి మాటలాడినందులకు ఉద్యోగము పోయెను. ఆయన గడప త్రొక్కినవాని పడవ రేవున నిలువరాదని జమీందారుగారి దివాణమునుండి యాజ్ఞ వెడలెను. అదివఱకు అక్షరము రాని పడవవాండ్రందఱు తమ జాబుల నాయనచేతనే చదివించుకొనుచుండిరి. నాటినుండి టపా యంతయు దివాణమునకే పోయి యచ్చటి గుమాస్తాచే చదువబడుచుండెను.

ఆ పాలెమున తాతలనాటి యాచార మొకటి గలదు. పడవవాండ్రు దూరసముద్రమున కేగునప్పుడు భర్త సముద్రము దాటి క్షేమముగ నున్న ముత్తైదువ నుదుట బొట్టు పెట్టనిదే యెవ్వడును ఓడ యెక్కడు. అట్టి ముత్తైదువ యా యేట పాలెమంతటికి నొక్కతెయే యుండెను. ఆమె పేరు పైడమ్మ. ఆమె పెనిమిటి బంగారయ్య వెనుకటి యేడు పటాలమున జేరి బస్రాకు బోయెను. మఱదియగు అప్పన్న నీ దినమున బోవలసినవారిలో నొకడు. అన్నయున్న పటాలముననే తమ్ముని జేర్పింతుమని జమీందారుగారు మాట యిచ్చిరి. ఒకరికొకరు తోడుగ నుందురు గదా యని పైడమ్మ బొట్టు పెట్టుటకు సమ్మతించెను.

అందఱకును బొట్టు పెట్టిన పిదప బల్లమీది కాగితమునందు బొటనవ్రేలి ముద్ర వేయవలెను. ముద్ర వేసినవాడు మఱల వెనుకకు రాలేడు. పైడమ్మ క్రొత్తకోక గట్టి పసుపు బూసిన పాదములతో వరుస వెంబడి నడచుచు పదునెనమండ్రకు బొట్టు పెట్టి తుదకు అప్పన్న నుదుటను బెట్టెను. ఆ క్షణముననే సోమయాజులు దివాణపు కోపమును లెక్కసేయక చెన్నపట్టణపు పత్రిక నొకదానిని చేతబట్టి పందిటిలోనికి వచ్చెను.

“అమ్మా పైడమ్మా, ఈ మృతుల పట్టికయందు నీ పెనిమిటి పేరున్నది. నీకు జాబు రాలేదా?” అని యాయన యడిగెను.

సన్నాయి యాగెను. ఆమె జమీందారుగారి వంక జూచెను. ఆయన యించుకయు దొట్రుపడలేదు.

“జాబు వచ్చి పన్నెండు దినములైనది. శుభకార్యము ముందుండగా నశుభవార్త చెప్పుట పెద్దల లక్షణము కాదని మా యొద్ద నుంచితిమి. రేపు చెప్పుదుమనియే యుంటిమి.”

పైడమ్మ యేడువలేదు. కుంకుమభరిణె నేలబెట్టి మెల్లగా ననెను: “పన్నెండు దినాలనాడే తమరికి తెలిసినాది. మొన్న తమరి దివాణం నుంచే నాకు పసుపూ కుంకం కొత్తకోకా వొచ్చినాయి. మా ఆయనకి నీళ్లొదిలేవోడు ఈడొక్కడే బాబూ. ఈడ్ని కూడా ఓడెక్కించేత్తే ఇద్దరికీ ఎవురొదుల్తారు?”

పిదప నా క్రొత్తకోక చెఱగుతోనే అప్పన్న నుదుటి బొట్టు దుడిచి వాని చేయి పట్టుకొని సముద్రమువైపు నడచెను.

అంతట పందిటిలో గగ్గోలు పుట్టెను. పదునెనమండ్రును తమ నుదుళ్లను ఇసుకతో రుద్దుకొనిరి. రెండేండ్లు సోమయాజులు గొంతు చించుకొని చెప్పిన న్యాయము వారిలో నొక్కని చెవికి నెక్కలేదు. విధవచేతి బొట్టన్న భయము మాత్రము అరగడియలో నందఱిని యిండ్లకు దఱిమెను. బల్లమీది సిరా యెండిపోయెను. జమీందారుగారు మఱియొక ముత్తైదువను దెండని కేకలు వేసిరి. సముద్రము దాటిన మగడు గల యాడుది వేఱొకతె యుండినగదా వచ్చుటకు.

“పోనిండు, మీ బిడ్డలు మీకు దక్కిరి” అని సోమయాజులు తల్లులతో ననెను.

“దక్కితే దక్కినారు పంతులూ. మా పిల్లడి నుదుట ముండసెయ్యి పడిపోనాది. ఇకేటౌతాదో” అని యొక తల్లి నేలపై నుమ్మివేసెను. మిగిలినవారును అటులనే యుమ్మిరి. జాబు దాచినవానివైపు వారిలో నొక్కరును జూడలేదు. నాకు జమీందారునియందుకంటె నా యుమ్మియందే యెక్కువ రోత పుట్టినది. కొంతసేపటికి రక్షకభటులు వచ్చి సోమయాజులను ఠాణాకు గొనిపోయిరి. జమీందారుగారు మఱుసటి నెల వేఱొక తాలూకానుండి మనుష్యులను దెచ్చి చూపి బిరుదమును బడసిరి.

పైడమ్మయు అప్పన్నయు సముద్రస్నానము చేసి మృతునకు నీళ్లు వదలి తడిబట్టలతో మిట్టమధ్యాహ్నమునకు వీధిలోనికి వచ్చిరి. చావు తెలిసిన దినమున ఆ యింట పొయ్యి వెలిగింపరాదు. ఇరుగుపొరుగువారే కూడు దెచ్చి పెట్టవలెను. పాలెమున నెంతటి పగవానికైనను ఈ మర్యాద యెన్నడును తప్పలేదు. వారిద్దఱును తమ గడపమీద గూర్చుండి ప్రొద్దు వాలువఱకు కనిపెట్టుకొని యుండిరి. ఆ వీధి పొడవునను పదునెనిమిది యిండ్లలో పదునెనిమిదిమంది కొడుకులకు తల్లులు కొసరి కొసరి వడ్డించుచున్న సద్దు వినవచ్చుచుండెను. ఒక్క తలుపును తెఱవబడలేదు.