పన్నెండు కూలర్లు పట్టే బజారు

నేను ఒక క్యారమ్ బోర్డును. నన్నిప్పుడు చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. గుంటూరు అవతల ఒక వడ్రంగి షెడ్డులో పుట్టాను. వార్నిష్ ఆరాక మేస్త్రీ నా మీద ఒక బిళ్ళను జార్చి చూశాడు. అది తిన్నగా పోకుండా ఎడమకు ఒరిగింది. "ఏదో ఒక కాలేజీకి అంటగట్టండి, వాళ్ళకేం తెలుస్తుందిలే" అన్నాడు. సరుకు గురించి మనుషులు నిజం చెప్పేది కొనేవాళ్ళు దగ్గర లేనప్పుడేనని అప్పుడే అర్థమైంది.

అలా చిలకలూరిపేట హైవే పక్కనున్న ఒక ప్రైవేటు కాలేజీ హాస్టలుకు చేరాను. రెండేళ్ళు కుర్రాళ్ళ వేళ్ళ దెబ్బలు తిన్నాను. చదువు పాడవుతోందని వార్డెన్ ఒకరోజు నన్ను లాక్కెళ్ళి ఆటవస్తువుల గదిలో పడేశాడు. అక్కడ గాలిపోయిన వాలీబాల్ నెత్తిన పెట్టుకుని ఏడాది పడుకున్నాను.

అక్కణ్ణుంచి నన్ను బయటికి తీసింది హైమవతి మేడం. ఆవిడ ఎంబీయే పిల్లలకు వ్యాపార వ్యూహం చెబుతారు. ఉద్యోగం పర్మనెంటు కాదు, ఏటా మే నెలలో ఉంటుందో ఊడుతుందో కాలేజీవాళ్ళు చెప్పాలి. చీర చెంగుతో నా మీద దుమ్ము తుడిచి, నాలుగు మూలలూ చేత్తో తడిమి, "నాలుగు కంపెనీలకు నాలుగు మూలలు. ఇంతకంటే ఏం కావాలి" అని తనలో తనే అనుకున్నారు. ఒక ఆదివారం తన ఇంటి వరండాలో కూర్చుని నా గీతలన్నిటి మీదా రంగు వేశారు. మూలకో రంగు. నడిమధ్య పసుప్పచ్చటి వలయం గీశారు. స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచి, సరిగ్గా పన్నెండు బిళ్ళలు మాత్రమే పట్టేలా గీశారు.

ఆట తేలికే. బిళ్ళ అంటే కూలరు, పసుపు వలయం అంటే బజారు. వారానికో క్లాసు, క్లాసుకో ఎండాకాలం. ఈసారి ఎన్ని కూలర్లు చేస్తారో, ఎంతకు అమ్ముతారో ప్రతి జట్టూ చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. మేడం నలుగురివీ పైకి చదువుతారు. తక్కువ ధర చెప్పినవాళ్ళ బిళ్ళలు ముందు వలయంలోకి పోతాయి, ధర సమానమైతే అందరివీ సమానంగా పోతాయి. పన్నెండు నిండాయంటే బజారు మూసినట్టే. మిగిలిన బిళ్ళలు ఎవరివి వాళ్ళ మూలనున్న జేబులో పడతాయి. ఒకే క్లాసులో జేబులో ఆరు చేరితే ఆ కంపెనీ మూత.

పుస్తకంలో నలభై పేజీలు చదివినా ఎక్కనిది నా చుట్టూ గంటసేపు నిలబడితే ఎక్కేది. నాగవల్లి జట్టు రెండువారాలు వరసగా గెలిచింది. మిగతావాళ్ళు నాలుగేసి, ఐదేసి చేసి ఎక్కువ ధర చెబుతుంటే, ఆ అమ్మాయి తొమ్మిది చేసి నాలుగువేలకే ఇచ్చేసింది. తొమ్మిదీ అమ్ముడుపోయాయి. నాగవల్లి క్లాసుకు ఫస్టు. ఆ కాలేజీలో ఫస్టు వచ్చినవాళ్ళ రికార్డు బుక్కు మర్నాటికి అందరి చేతుల్లో ఉంటుంది. ఇవ్వకపోతే పొగరంటారు, అడక్కపోతే వెర్రి అంటారు. ఈ సంగతి నేను అప్పుడే గుర్తుపెట్టుకోవలసింది.

ఏప్రిల్‌లో ఒకరోజు క్లాసు నడుస్తుండగా ప్రిన్సిపాల్ పరాంకుశం గారు గుమ్మం దగ్గరే నిలబడి మేడంను పిలిచారు. గొంతు తగ్గించానని ఆయన అనుకున్నారు కానీ క్లాసంతా విన్నది.

"ఏమ్మా, పిల్లల చేత క్యారమ్స్ ఆడిస్తన్నారని కమిటీలో మాటొచ్చింది. గురువారం వాళ్ళే వచ్చి చూస్తారంట. బాగుందంటే ఉంచుతాం. లేదంటే ఈ పేపరు తీసేసి ఆ గంట గైడు పెట్టుకుంటాం."

"పేపరు తీసేస్తే నేను..."

"మీకు వేరే పేపరు లేదుగా అమ్మా" అన్నారాయన, ఎంతో నెమ్మదిగా.

ఆవిడ తిరిగొచ్చి, "ఎక్కడున్నాం?" అని అడిగారు.

బుధవారం మధ్యాహ్నం నాలుగు జట్ల నాయకులూ టిఫిన్ డబ్బాలు తెచ్చి నా మీదే పెట్టుకుని కూర్చున్నారు. దోసకాయ పప్పు ఎరుపు మూలమీద ఒలికింది.

"రేపు మనం ఓడిపోతే మేడం పోస్టు పోద్ది" అన్నది నాగవల్లి.

"నలుగురం ఆడితే ముగ్గురు ఓడిపోకుండా ఎట్టా అయిద్దే?" అన్నది కోటేశ్వరి.

"అందుకే ఎవ్వరం ఓడొద్దు. నా చీటీయే అందరూ రాయండి. తొమ్మిది, నాలుగువేలు. రెండుసార్లు గెలిచిన జవాబది."

మస్తాన్‌వలి నెమ్మదస్తుడు. అతను ముద్ద డబ్బాలోనే వదిలేసి, "మా జట్టు మూడే చేద్దామనుకున్నాం. అమ్ముడుపోకపోయినా మూడేగా మిగిలేది. కంపెనీ బతుకుద్ది" అన్నాడు.

"ఓరి నీ మొహం! కమిటీ ముందు మూడు కూలర్లు చేసే కంపెనీనా? సైకిల్ మీద పెట్టుకుని అమ్ముకుంటావా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"మేడం కోసం రా వలీ. ఒక్కడివే ఏరుగా ఉంటావా?" అన్నాడు నాలుగోవాడు శివన్నారాయణ.

వలి జేబులోంచి చీటీ తీసి, ఒకసారి చూసుకుని, నాలుగు ముక్కలుగా చింపి డబ్బా మూతలో వేశాడు. ఆ నలుగురూ ఆవిణ్ణి ఎంత ప్రేమించారో నాకు తెలుసు. అంత ప్రేమ ఉండి కూడా, నాలుగు తొమ్ముదులు ఎంతో, వలయంలో ఎన్ని పడతాయో ఒక్కరూ లెక్క వేసుకోలేదు. ప్రతి ప్రశ్నకూ ఒకటే సరైన జవాబుంటుందని ఒకటో తరగతి నుంచీ నేర్చుకున్న పిల్లలు వాళ్ళు.

గురువారం కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. కరస్పాండెంటు గారికి ముందు కుర్చీ, కొబ్బరినీళ్ళు. మేడం ఆట వివరించారు. చెబుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు నా అంచును గట్టిగా పట్టుకున్నాయి.

మొదటి చీటీ విప్పారు. "తొమ్మిది కూలర్లు, ధర నాలుగువేలు."

రెండోది విప్పారు. "తొమ్మిది కూలర్లు, ధర నాలుగువేలు."

మూడోది విప్పి, చదవకుండా ఆగారు. తలెత్తి పిల్లల్ని చూశారు. నలుగురూ మెరిసే కళ్ళతో ఆవిణ్ణే చూస్తున్నారు, కానుక ఇచ్చినవాళ్ళలాగా. చీటీలోని అంకె ఆవిడకు తప్ప ఇంకెవరికీ కనపడదు. దీన్నీ, నాలుగోదాన్నీ మూడు అనో, నాలుగు అనో చదివితే చాలు, రెండు కంపెనీలైనా నిలుస్తాయి, ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది. కరస్పాండెంటు గారు కొబ్బరినీళ్ళు తాగడం ఆపి చూశారు. ఆవిడ బొటనవేలు ఆ అంకె మీద ఒక్క క్షణం ఆగింది.

"తొమ్మిది కూలర్లు, ధర నాలుగువేలు" అని చదివారు. నాలుగోది కూడా ఉన్నది ఉన్నట్టే చదివారు.

తర్వాత బిళ్ళలు పెట్టారు. జట్టుకు మూడేసి, వలయం నిండింది. మిగిలిన ఆరేసీ నాలుగు జేబుల్లోకి ఒక్కొక్కటిగా జార్చారు. టక్కు, టక్కుమని ఇరవై నాలుగుసార్లు చప్పుడైంది. అది నా ఒంటిలోంచి వచ్చిన చప్పుడు.

"ఏమ్మా, నాలుగూ మూతేనా?" అన్నారు కరస్పాండెంటు గారు.

"నాలుగూనండి."

"ఏడాదంతా చెప్పి, అన్ని కంపెనీలూ ముంచడం నేర్పారా?" అని ఆయన నవ్వితే పక్కనున్న ఇద్దరూ నవ్వారు. వాళ్ళు నవ్వడం కూడా ఆయన తర్వాతే, ఒకే తీరున.

కమిటీ వెళ్ళాక నాగవల్లి ఏడ్చింది. "మీరు మార్చి చదివితే ఏం పోయేది మేడం? ఎవరు చూశారు?"

"మీరు రాసిందే చదివాను తల్లీ" అన్నారావిడ. బిళ్ళలు ఏరి, లెక్కచూసి డబ్బాలో పోశారు. ఒకటి కనపడకపోతే వంగి బల్లకింద వెతికి తెచ్చి మరీ వేశారు. అదే ఆవిణ్ణి నేను చూడడం ఆఖరు. మే నెలలో ఆవిడ పేరున్న కాగితం స్టాఫ్‌రూం తలుపు మీంచి తీసేశారని మాత్రం విన్నాను.

జూన్‌లో నన్ను పరీక్షల విభాగానికి మోశారు. అక్కడ కిటికీ అద్దం పగిలి జల్లు కొడుతోంది. నన్ను అడ్డంపెట్టి రెండు మేకులు కొట్టారు. రంగులున్న వైపు వానకు, వెనకవైపు గదిలోకి.

ఒకరోజు మస్తాన్‌వలి టీసీ కోసం వచ్చాడు. బయటినుంచే కిటికీలో నా రంగులు చూసి గుర్తుపట్టి, లోపలికొచ్చి, "ఇది మా మేడం బోర్డు కదండీ?" అన్నాడు.

"ఏ మేడం?" అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

"స్ట్రాటజీ చెప్పేవారు. హైమవతి మేడం. ఇప్పుడెక్కడున్నారో ఏమన్నా తెలుసాండీ?"

"ఆ పేపరే లేదుగా. ఇక్కడ సంతకం పెట్టు."

వలి పెన్ను తీసుకుని, "నేను మూడు రాశానండీ. చింపేశా" అన్నాడు.

"ఏంది?"

"ఏం లేదండీ."

సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు వానల్లో నా వలయం పూర్తిగా కరిగిపోయింది. ప్లైవుడ్ పొరలు విడుతున్నాయి. ఆ గంట గైడు చెప్పే కొత్త సారు నా పక్కనే కూర్చుని ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నాడు. ప్రశ్న, జట్టుగా పనిచేయడం వల్ల కలిగే లాభాలేమిటన్నది. కట్ట సగం దిద్దాక గుమస్తా వైపు తిరిగి, "ఈ బ్యాచ్ బంగారమండీ. అరవైమందీ అక్షరం తేడా లేకుండా రాశారు" అన్నాడు సంతోషంగా.

మిగతా సగం అతను చదవలేదు. మార్కులు వేసుకుంటూ పోయాడు.